రూపాయికి అరవై నాలుగు కాణీలు

రూపాయిలో సగం అర్ధరూపాయి. అందులో సగం పావలా. పావలాలో సగం బేడ, బేడలో సగం అణా, అణాలో సగం అర్ధణా, అర్ధణాలో సగం కాణీ. ఆరుసార్లు సగం చేస్తే రూపాయి 64 కాణీలవుతుంది. ఈ ఆరు మెట్లలో ప్రతి మెట్టుకీ చేత్తో పట్టుకోదగ్గ నాణెం ఒకటి ఉండేది. కాణీని ఇంకా పంచాల్సి వస్తే మూడు దమ్మిడీలు. అంటే రూపాయికి 192 దమ్మిడీలు.

ఇప్పటి పిల్లలకి ఇది గజిబిజిగా కనిపిస్తుంది. ఆ లెక్కలో పెరిగినవాళ్లకి మాత్రం ఇంతకన్నా తేలికైన లెక్క లేదు. తూకాలు కూడా సగాల్లోనే నడిచేవి మరి. వీశె, అరవీశె, సవాసేరు, ఏబులం. వీశె బెల్లం రూపాయి అంటే సవాసేరు పావలా, ఏబులం బేడ. కాగితం అక్కర్లేదు, పెన్సిలు అక్కర్లేదు. అక్షరం ముక్క రాని మా మామ్మ సంతలో నాలుగు రకాల సరుకు కొని, గోనెసంచి నెత్తికెత్తుకునే లోపల మొత్తం చెప్పేసేది. అది తప్పిందని ఏ కొట్టువాడూ అనగా నేను వినలేదు.

గోదావరి పక్క పల్లెల్లో నా చిన్నతనానికి స్వరాజ్యం వచ్చి ఏళ్లు గడిచినా చిల్లర మాత్రం చాలావరకు ఇంకా దొరలదే. 1950లో వచ్చిన కొత్త నాణేలు, అశోక స్తంభం ఉన్నవి, గుర్రం బొమ్మ పైసాలు, ఎద్దు బొమ్మ అణాలు, కొట్టుకి వస్తూనే ఉండేవి. వాటి పక్కనే ఐదో జార్జి, ఆరో జార్జి, అప్పుడప్పుడూ అరిగిపోయిన ఎడ్వర్డు, ఇంకా అరిగిపోయిన విక్టోరియా రాణి. కొట్టు శెట్టిగారి గల్లాపెట్టెలో నాలుగు అరలుండేవి. రాజు ఎవరన్నది ఆయనకి పట్టేది కాదు, ఏ అరలో పడాలన్నదే లెక్క. రూపాయి ఇస్తే మాత్రం అరుగు రాతిమీద కొట్టి మోత వినేవారు. ఖంగుమంటే లోపలికి, మొద్దుగా పలికితే వెనక్కి. కాణీని ఎవరూ మోగించి చూసేవారు కాదు.

ఆ కాణీకి ఏమొచ్చేదంటే, దోసెడు మరమరాలు వచ్చేవి. పైన కొసరుగా చిటికెడు పుట్నాలపప్పు. లేదంటే రెండు జీళ్లు. లేదంటే నాలుగు పిప్పరమెంటు బిళ్లలు. ఇంటి కోసం పంపితే ఒక పూటకి సరిపడా పచ్చిమిరపకాయలు, కరివేపాకు ఊరికే. ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. ఆ ఊళ్లలో చాలా బతుకు నాణెం ముట్టకుండానే సాగేది. పాలేరుకి జీతం వడ్లు, చాకలికీ మంగలికీ కళ్లంలో వడ్లు, జీళ్లమ్మే ముసలమ్మకి కూడా మేం దోసెడు వడ్లే పోసేవాళ్లం. అందువల్ల ఇంట్లోకి వచ్చిన ప్రతి కాణీ ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎక్కడికి పోవాలో ముందే తెలిసి ఉండేది. ఉప్పుకి, కిరసనాయిలుకి, పోస్టుకార్డుకి, బస్సుకి. మొదటిసారి 1879లో పోస్టుకార్డు వచ్చినప్పుడు దాని వెల కాణీయే. వరిచేలో నాట్లేసుకునే మనిషి కూడా రంగూన్‌లో ఉన్న కొడుక్కి కబురు పంపించుకోగలిగిందంటే ఆ రాగి బిళ్ల పుణ్యమే.

మామ్మ రొండిన ఎప్పుడూ ఒక గుడ్డసంచి దోపుకుని ఉండేది. ఒక రాత్రి దీపం ఆరిపోయినప్పుడు బయట పాలవాడు నిలబడితే, ఆవిడ చీకట్లోనే సంచిలో చెయ్యి పెట్టి మూడణాల కాణీ తీసి ఇచ్చింది. ఎలా తెలిసిందే అంటే, నా చెయ్యి పట్టుకుని సంచిలో పెట్టించింది. "పలకగా పెద్దదిగా తగిలిందా, అది బేడరా నాన్నా. పలకగా చిన్నదైతే అర్ధణా. అంచు పూరేకుల్లా తగిలితే అణా. వేలు లోపలికి పోతే కాణీ." అంతే పాఠం. తరవాత నేను చదివి తెలుసుకున్నది కూడా ఆ మాటే. 1907లో రాగి, నికెలు కలిపి అణా నాణెం మొదలుపెట్టినప్పుడు అంచు పన్నెండు వంపులుగా చేశారు. 1918లో బేడని వెండి నుంచి మార్చినప్పుడు పలకగా చేశారు. అదే కాలంలో ఎనిమిది మూలల పావలా కూడా వచ్చింది, కానీ అది నిలవలేదు. కోట్ల మంది చదువురాని జనం ఉన్న దేశంలో డబ్బు వేళ్లతో చదువుకునేలా ఉండాలన్న ఆలోచన ఎవరిదైనా, అది మంచి ఆలోచన. నేటి రూపాయి, రెండు రూపాయల బిళ్లల్ని చూసి కళ్లజోడు వెతుక్కునే పెద్దవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ సంచి గుర్తొస్తుంది.

నన్ను ఈ నాణేల వెంట తిప్పింది మాత్రం ఆ అణాయే. దాని వెనకవైపు అంకె చుట్టూ విలువని నాలుగు లిపుల్లో వేశారు. ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు. అవును, తెలుగే. గోరంత అక్షరాలు, కానీ కూడబలుక్కుని చదవగలిగేంత స్పష్టంగా. రెండో తరగతిలో ఉండగా ఆ అక్షరాలు నాకు కనిపించిన రోజు, ఊళ్లో అందరికీ చూపించుకుంటూ తిరిగాను. బేడ మీదా తెలుగు ఉంది. లాహోరులో రొట్టె కొన్నవాడి చేతిలో, ఢాకాలో చేపలు కొన్నవాడి చేతిలో, వాళ్లకి తెలియకుండానే మన అక్షరాలు తిరిగాయి. వెండి రూపాయి మీద ఈ భాగ్యం లేదు. దానిమీద ఇంగ్లీషు, ఎడ్వర్డు కాలం నుంచి పారశీ, అంతవరకే. రూపాయి ప్రభుత్వానిదీ షావుకారుదీ అనీ, అణా బజారుదీ అనీ టంకశాలవాళ్లకి తెలుసు. బజారులో నడవాల్సిన నాణెం మీద బజారు లిపి ఉండాలి.

1950 నాణేల మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే మిగిలాయి. నోట్ల మీద తెలుగు ఇవాళ్టికీ ఉంది, నాణేల మీంచి ఆనాడు పోయింది, మళ్లీ రాలేదు. తెలుగువాళ్లు దీని గురించి ఎప్పుడూ మాట్లాడుకోకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

అటు నిజాం రాజ్యంలో కథ వేరు. అక్కడ సొంత టంకశాల, సొంత హాలీ సిక్కా. మన రూపాయిని అక్కడివాళ్లు కల్దారు అనేవారు. ఆరు కల్దార్లకి ఏడు హాలీ రూపాయలు. హాలీ రూపాయి మీద చార్మినారు ఉంటుంది, దాని గుమ్మంలో నవాబు పేరులోని తొలి అక్షరం. ఖమ్మం పక్కన ఆడపిల్లనిచ్చిన మా బంధువులు పండక్కి వచ్చేటప్పుడు రెండు రకాల చిల్లర రెండు సంచుల్లో తెచ్చుకునేవారని మా నాన్నగారు చెప్పేవారు. అక్కడి నాణేలు పారశీలోనే ఉండేవి. తెలుగు నిజాం నోటు మీద ఉంది, నాణెం మీద లేదు.

వేలు దూరే కాణీ గురించి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో చిల్లరకి పెద్ద కరువొచ్చింది. లోహం యుద్ధానికి పోయింది, ఉన్న నాణేల్ని జనం దాచుకున్నారు. కొట్లలో చిల్లరకి బదులు చీటీలు, పోస్టు బిళ్లలు ఇచ్చిన సంగతి మా నాన్నగారి తరం అంతా చెప్పేది. ప్రభుత్వం 1943లో లాహోరులో కొత్త టంకశాల తెరిచింది. అక్కడి నాణేల మీద సన్నగా ఎల్ అక్షరం కనిపిస్తుంది. అదే ఏడాది కాణీకి నడిమధ్య చిల్లు పెట్టారు. విక్టోరియా నాటి రాగి కాణీ దాదాపు ఆరున్నర గ్రాములు. 1906లో రాగి పోయి కంచు వచ్చినప్పుడు ఐదు గ్రాముల లోపుకి దిగింది. చిల్లు కాణీ రెండు గ్రాములు. చిల్లున్న చోట రాజు తల పట్టదు కాబట్టి రాజు లేడు, కిరీటం ఒక్కటే మిగిలింది. బ్రిటిషు రాజ్యం ఇక్కడ చివరి అయిదేళ్లూ కాణీ మీద ముఖం లేకుండానే గడిచింది.

జనం ఆ చిల్లుని వదల్లేదు. పురికొసకి గుచ్చి మొలకి కట్టుకున్నారు. పసిపిల్లల మొలతాడుకి వేశారు. వడ్రంగులు, సైకిలు షాపువాళ్లు మేకు కింద, బోల్టు కింద వాషరుగా బిగించారు. వాషరు కొనాలంటే కాణీ కన్నా ఎక్కువ పడేది మరి. నా దగ్గరున్న ఒక చిల్లు కాణీ పాత తలుపు గొళ్లెం కింద నుంచి వచ్చినదే. ఒకవైపు కిరీటం నిక్షేపంగా ఉంది, రెండోవైపు బోల్టు తల నొక్కిన గుండ్రటి మచ్చ. ఈ నాణేన్ని ఏ వేలంలోనూ ఎవరూ ముట్టరు. దాన్ని ఎంతకీ అమ్మను.

1957 ఏప్రిల్ 1న నయా పైసలొచ్చాయి. రూపాయికి వంద. కొట్టు గోడల మీద పట్టికలు అంటించారు. కాణీకి 2 నయా పైసలు, అర్ధణాకి 3, ముక్కాలణాకి 5, అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25. ఈ పట్టికని చూసిన పిల్లలం ఒక్కరోజులో పట్టుకున్నాం. నాలుగు కాణీలు ఒకేసారి ఇస్తే ఆరు పైసల సరుకు. ఒక్కొక్క కాణీ ఒక్కొక్కళ్లం విడివిడిగా ఇస్తే ఎనిమిది. నలుగురం నాలుగుసార్లు వెళ్లి జీళ్లు కొన్నాం. శెట్టిగారు అయిదోసారి అరుగు దిగి వచ్చారు. పెద్దవాళ్ల దగ్గర ఇది తమాషా కాదు. కూలికి మూడణాలు రావలసిన మనిషికి పద్ధెనిమిది పైసలిచ్చి పంపిస్తే, ఆ ఒక్క పైసా కోసం గట్టు మీద గొడవ జరిగేది. సగాలు చేసుకోవడానికి అలవాటుపడ్డ చేతులకి పదులు చాలాకాలం అందలేదు. కొన్నేళ్లు రెండు రకాలూ పక్కపక్కనే చెల్లాయి. 1964లో నయా అన్న మాట కూడా తీసేశారు. అప్పటికి కాణీ పూర్తిగా కనుమరుగైంది.

చెల్లని డబ్బు ఎక్కడికి పోతుందో వెతకడం నాకు అప్పుడు పట్టుకుంది. రాగి పాతసామాన్లవాడి తట్టలోకి పోతుంది. వెండి కంసాలి కుంపట్లోకి. తట్టలో ఉన్నవాటిని రాగి తూకానికి ఏరుకోనిచ్చేవాడు ఆ మనిషి. బడి సెలవుల్లో అదే నా పని. దమ్మిడీలు ఎక్కువ అక్కడే దొరికాయి. 1942తో వాటి ముద్రణ ఆగిపోయింది, మా కాలానికి కొట్లో ఎవరూ తీసుకునేవారు కాదు, లెక్క పుస్తకాల్లో మూడో గడిగా మాత్రం బతికాయి. బండ్లమీద లంబాడీ ఆడవాళ్లు వచ్చినప్పుడు వాళ్ల రవికల మీద కుట్టిన నాణేల్ని దూరం నుంచే చూసి రాజుల్ని గుర్తుపట్టేవాణ్ణి. అడగడం మర్యాద కాదు, అడగలేదు.

ఇంకో చోటు గోదారి. రాజమండ్రి దగ్గర 1900లో తెరిచిన పాత వంతెన మీద, 1997లో దాన్ని ఆపేసేదాకా, రైలెక్కిన ప్రతివాళ్లూ నదికి దణ్ణం పెట్టి నాణెం విసిరేవారు. రేవుల్లో పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి లాగేవారు. ఆ పాత నాణేల్లో దానికి అంటుకునేవి నికెలువే. 1946, 47ల్లో వచ్చిన పులి బొమ్మ పావలాలు, అర్ధరూపాయలు, తరవాత వచ్చిన మన ప్రభుత్వం నికెలు నాణేలు. రాగి, కంచు అయస్కాంతానికి అంటవు. కాణీ కావాలంటే వేసవిలో నీరు తగ్గాక ఇసక జల్లెడ పట్టాల్సిందే. అలా దొరికిన వాటికి నది రంగు పట్టి ఉంటుంది, నల్లగా, మెత్తగా. వాలుగా ఎండ పడేటట్టు తిప్పితేగాని సంవత్సరం అంకె కనిపించదు.

దొరకనిది ఒకటుంది. మామ్మ దేవుడి గూట్లో పసుపుగుడ్డ ముడుపు. ఏదో జ్వరానికి ఎప్పుడో కట్టింది. గుడ్డ పలచబడి అంచు బయటికి కనిపించేది. వంపుల అంచు, కిరీటం పెట్టుకున్న రాజు. ఏడో ఎడ్వర్డు అణా. వెండి రూపాయి మీద ఆయన కిరీటం లేకుండా ఉంటాడు, అణా మీదే కిరీటంతో ఉంటాడు. 1907 నుంచి 1910 దాకా వచ్చినదే. నాకు అప్పటికి అది లేదు. మామ్మని అడిగితే, "అది మనది కాదురా, వెంకన్నది. చెల్లకపోతే నీకు నాకూ చెల్లదు, ఆయనకి చెల్లకపోవడమేమిటి" అంది. ఆవిడ పోయాక మా నాన్నగారు తిరుపతి వెళ్లి ముడుపు విప్పకుండానే హుండీలో వేసి వచ్చారు. తరవాత ఎడ్వర్డు అణాలు నాకు చాలా దొరికాయి. పసుపు అంటినది ఒక్కటీ దొరకలేదు.

నాణేల మీద ప్రేమ ముదిరాక మన జిల్లాల అసలు కథ తెలిసింది. అప్పట్లో ఉత్తర సర్కారులనే ఈ జిల్లాల కోసమే ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1794లో, 1797లో రాగి నాణేలు కొట్టించారు. ముద్ర వేసింది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో, మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాల మీద. ఒకవైపు కంపెనీ రాజముద్ర, ఇంకోవైపు సరుకు మూటల మీద వేసే గుర్తు, రూపాయికి 48 అని ఇంగ్లీషులో. దాంట్లో సగానిది రూపాయికి 96. ఆవిరి యంత్రం మీద అచ్చయిన డబ్బు బందరు సంతలో దిగేనాటికి, ఆ సంతకి వచ్చేవాళ్లలో ఆవిరి యంత్రాన్ని చూసినవాడు ఒక్కడూ ఉండడు. 1807లో మద్రాసులో కొట్టిన వెండి అర వరహా, పావు వరహాల మీద గుడి గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు. అణా కన్నా నూరేళ్ల ముందు.

1808 నాటి మద్రాసు రాగి కాసులు, పది కాసులది, ఇరవై కాసులది, ఇవాళ మార్కెట్లో కొత్తవాటిలా మెరుస్తూ దొరుకుతాయి. దానికి కారణం ఒక ఓడ. అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కంపెనీ ఓడ ఆ కాసుల పీపాలతో మద్రాసుకి బయల్దేరి 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే గుడ్విన్ ఇసక మేటల్లో మునిగిపోయింది. 1980ల్లో వాటిని బయటికి తీశారు. కొత్తగా సేకరించేవాళ్లు వీటినే ముందు కొంటారు. వాటి అందం కాదనను. కానీ మన ఊరి సంత చూడని కాసులవి. వాటితో ఎవరూ ఉప్పు కొనలేదు, వాటిని ఎవరూ ముడివేసుకోలేదు. రాణి ముక్కూ కిరీటం సమంగా అరిగిపోయి, ఆకారం మాత్రమే మిగిలిన విక్టోరియా కాణీ నా పెట్టెలో పై అరలో ఉంటుంది. సేకరణకారులు దానికి వెల కట్టరు. నాలుగు తరాల బొటనవేళ్లు పడితేనే రాగి అంతగా అరుగుతుంది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయం. రాముడు, హనుమంతుడు బొమ్మలతో, 1818 అని, ఈస్టిండియా కంపెనీ పేరుతో అణా, అర్ధణా అని వేసిన బిళ్లలు మన పల్లెల్లో తిరుగుతున్నాయి. వాటికి బియ్యపు గింజల్ని లాగే శక్తి ఉందని, కోట్లు పలుకుతాయని నమ్మించి రైతుల దగ్గర లక్షలు కాజేస్తున్నారు. రైస్ పుల్లింగ్ కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ పేపర్లో వస్తూనే ఉన్నాయి. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ ముద్రించలేదు. దేశమంతటికీ ఒకే రకం కంపెనీ అణాల లెక్క నాణేలు 1835 చట్టంతోనే మొదలయ్యాయి. బియ్యాన్ని లాగే రాగి ఈ భూమ్మీద లేదు. అలాగే మామూలు చిల్లు కాణీకి, జార్జి అణాకి లక్షలిస్తామనే ఫోను మాటలూ నమ్మకండి. కోట్ల సంఖ్యలో ముద్రించిన నాణేలవి.

మీ ఇంట్లో పాత నాణేలుంటే దయచేసి చింతపండుతో తోమకండి. తోమితే మెరుపొస్తుంది, వయసు పోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, ఏళ్లు గడిస్తే ఆ కవరే పచ్చటి జిగురు వదిలి రాగిని తింటుంది. కాగితం కవరు చాలు. హైదరాబాదు వెళ్తే సైఫాబాదు పాత టంకశాలని ఇప్పుడు మ్యూజియంగా తెరిచారు, పిల్లల్ని తీసుకెళ్లండి. అంతకన్నా ముందు, ఎనభై దాటిన మనిషి ఇంట్లో ఎవరైనా ఉంటే ఆ నాణెం వాళ్ల అరచేతిలో పెట్టి, దీంతో ఏం కొనేవాళ్లు, ఎక్కడ కొనేవాళ్లు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, తేదీ వేసి, ఆ కాగితాన్నే నాణెంతో పాటు కవర్లో పెట్టండి. కాణీ చెల్లిన రోజులు స్వయంగా చూసినవాళ్లు ఇంక ఎక్కువమంది లేరు.